సముద్రం ఒక అడుగు పెరిగితే ఇసుక తీరం ఎంత వెనక్కి పోతుంది?

మీరు అడిగింది ఇదీ: ఒడ్డు వాలు ఇరవైకి ఒకటి (20 మీటర్ల దూరానికి ఒక మీటరు ఎత్తు) ఉంది, సముద్ర మట్టం 30 సెంటీమీటర్లు పెరిగితే నీటి అంచు 6 మీటర్లు లోపలికి రావాలి కదా, మరి నివేదికలో 20 మీటర్లు అని ఎందుకు రాశారు? ఇంకొకరేమో ఆ 20 మీటర్లు తెచ్చిన బ్రూన్ సూత్రమే, అంటే మట్టం పెరిగితే ఇసుక ఒడ్డు ఎంత వెనక్కి పోతుందో చెప్పే లెక్కే, పనికిరాదంటున్నారు. ఇంతకీ నీళ్ల కింద ఉన్న నేల ఏమవుతుంది?

ముందు సూటిగా చెప్పేస్తాను. 6 మీటర్లన్నది కదలని నేలకు సరిపోయే లెక్క. రాతి మెట్ల మీదికి నీళ్లు ఎక్కితే అలా ఉంటుంది. ఇసుక అలా ఊరుకోదు. 20 మీటర్లన్నది బయటి నుంచి ఇసుక రాకుండా, బయటికి పోకుండా, ఉన్న ఇసుకే అటూ ఇటూ సర్దుకుంటే వచ్చే లెక్క. అందులో నిజం ఉంది, కానీ సగమే. మిగతా సగం మీ తీరానికి ఏటా ఎంత ఇసుక వస్తోంది, ఎంత పోతోంది అన్న జమాఖర్చులో ఉంది. చాలా తీరాల్లో ఆ సగమే పెద్దది.

నీళ్ల కింది నేల గురించి మీరు చివర్లో అడిగారు గానీ, నేను అక్కడి నుంచే మొదలుపెడతాను. అది అర్థమైతే మిగతాదంతా దానంతటదే విడిపోతుంది.

మనం బీచ్ అని పిలిచేది పెద్ద ఇసుక వాలుకు పైకొస మాత్రమే. ఆ వాలు నీళ్ల కింద అర కిలోమీటరు, కిలోమీటరు, కొన్నిచోట్ల ఇంకా దూరం సాగుతుంది. సముద్రం నిమ్మళంగా ఉన్న రోజు, అలలు విరిగే చోటు కాస్త దాటాక, నీటి కళ్లద్దాలు పెట్టుకుని తల ముంచి చూస్తే అక్కడ జరిగే పని కళ్లారా కనిపిస్తుంది. అడుగున ఇసుక ముడతలు ముడతలుగా ఉంటుంది. అల శిఖరం నెత్తి మీదుగా వెళ్లే క్షణంలో అడుగు నీరు ఒడ్డు వైపు విసురుగా దూసుకుపోతుంది. ముడతల మీద ఇసుక పొగలా లేస్తుంది. ఆ వెంటనే అల పల్లం వస్తుంది. నీరు సముద్రం వైపు జారుతుంది, కానీ నెమ్మదిగా, ఎక్కువసేపు. నీరు అటూ ఇటూ కదిలిన దూరం దాదాపు ఒకటే అయినా, ఇసుకను కదిలించే బలం వేగంతో పాటు చాలా త్వరగా పెరుగుతుంది. అందుకే ఆ చిన్న విసురే నెగ్గుతుంది. నిమ్మళంగా ఉన్న రోజుల్లో రేణువు రేణువుగా ఇసుక ఒడ్డుకు చేరుతుంది.

తుపాను రోజున కథ తిరగబడుతుంది. పెద్ద అలలు నీటిని ఒడ్డు మీద పోగేస్తాయి. ఆ పోగైన నీరు అడుగు పట్టునే సముద్రంలోకి తిరిగి పరుగెడుతూ ఇసుకను లాక్కెళ్లి, అలలు విరిగే చోట తిప్పగా పోస్తుంది. ఒడ్డు మీద నిలబడి చూసినవాళ్లు 'ఒక్క రాత్రిలో బీచ్ అంతా కొట్టుకుపోయింది' అంటారు. చాలాసార్లు అది పోలేదు, రెండు మూడు వందల మీటర్ల అవతల నీళ్ల కింద ఉంది. ఆస్ట్రేలియాలోని మొరూయా దగ్గర బెంగెల్లో బీచ్‌ను 1972 నుంచి క్రమం తప్పకుండా కొలుస్తున్నారు. 1974 తుపాన్లు అక్కడ ఇసుకను భారీగా కోసేశాయి. తిరిగి మేట వేయడానికి ఏళ్లు పట్టింది, అయినా తిరిగి వచ్చింది. తీరం కొలతల్లో నేను మొదట నేర్చుకున్న పాఠం ఇదే. తుపాను మర్నాడు తీసిన ఒక్క కొలతతో తీరం భవిష్యత్తు చెప్పకూడదు. అలా ఒక్క కొలతనే ఆధారం చేసుకుని, వందేళ్ల తర్వాతి ఒడ్డును సెంటీమీటర్లతో సహా గీసిన పటాన్ని ఒకసారి పరిశీలించాల్సి వచ్చింది. ఆ పటం చూసి ఇళ్లు ఎక్కడ కట్టుకోవాలో నిర్ణయించుకునే మనుషులు ఉంటారన్న ఆలోచనే నన్ను ఎక్కువగా బాధించింది.

ఒడ్డుకు తోసే బలం, లోపలికి లాగే బలం, ఈ రెండూ ఏళ్ల తరబడి పెనుగులాడగా వాలుకు ఒక ఆకారం కుదురుతుంది. ఒడ్డు దగ్గర నిటారుగా, పోను పోను చదునుగా ఉండే వంపు అది. అమెరికాలో రాబర్ట్ డీన్ 1977లో వందల తీరాల కొలతలు పరిశీలించి దానికి సులువైన రూపం ఇచ్చాడు: లోతు, ఒడ్డు నుంచి దూరానికి మూడింట రెండు ఘాతం ప్రకారం పెరుగుతుంది. దాన్ని గుణించే అంకె ఇసుక ముతకదనాన్ని బట్టి మారుతుంది. 0.2 మిల్లీమీటర్ల సన్న ఇసుకకు ఆ అంకె సుమారు 0.1. అంటే ఒడ్డు నుంచి 100 మీటర్ల దగ్గర 2 మీటర్ల పైచిలుకు లోతు, 1000 మీటర్ల దగ్గర 10 మీటర్లు. అర మిల్లీమీటరు ముతక ఇసుకైతే 10 మీటర్ల లోతు 500 మీటర్లకే వచ్చేస్తుంది. సన్న ఇసుక తీరాలు ఎందుకంత చదునుగా ఉంటాయో, మట్టం పెరిగినప్పుడు అవే ఎందుకు ఎక్కువ వెనక్కి జరుగుతాయో ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు మట్టం పెంచండి. అలలకు ఉపరితలం నుంచి అడుగుకు ఉన్న లోతే లెక్క. నీరు 30 సెంటీమీటర్లు పెరిగితే వాలు మీద ప్రతి చోటా అంతే లోతు పెరిగింది. కుదిరిన ఆకారం చెదిరింది. మళ్లీ కుదరాలంటే అడుగు కూడా 30 సెంటీమీటర్లు పైకి రావాలి. ఆ ఇసుక ఎక్కడ నుంచి? ఇంకెక్కడి నుంచీ రాకపోతే ఒడ్డు నుంచే, దిబ్బల నుంచే. ఒడ్డు కోసుకుపోయి అడుగును నింపుతుంది. డెన్మార్క్‌కు చెందిన పెర్ బ్రూన్ 1962లో చెప్పింది ఇదే. దానికి బ్రూన్ సూత్రం అన్న పేరు 1967లో మారిస్ ష్వార్ట్జ్ పెట్టాడు. కాబట్టి మీ ప్రశ్నకు జవాబు: అవును, ఒడ్డు దగ్గరి సముద్రపు అడుగు పైకి లేస్తుంది. ఒడ్డు వెనక్కి పోవడం, అడుగు పైకి లేవడం వేర్వేరు సంగతులు కావు.

లెక్క చేసి చూద్దాం. అలలు ఇసుకను ఒక మాదిరిగా కదిలించే దూరం 800 మీటర్లు అనుకోండి. డీన్ సూత్రం ప్రకారం సన్న ఇసుకకు అక్కడి లోతు 8.6 మీటర్లు. ఒడ్డు మీద ఇసుక గట్టు ఎత్తు 3 మీటర్లు. అడుగును 30 సెంటీమీటర్లు పెంచడానికి ఒడ్డు పొడవు మీటరుకు 240 ఘనపు మీటర్ల ఇసుక కావాలి. ఒడ్డు ఒక మీటరు వెనక్కి జరిగితే దొరికేది 11.6 ఘనపు మీటర్లు. 240ని 11.6తో భాగించండి: 20.7 మీటర్లు. మీరు చూసిన నివేదికలోని 20 ఇలాంటి లెక్కలోంచే వచ్చి ఉంటుంది. పెరిగిన మట్టానికి 50 నుంచి 100 రెట్లు వెనక్కి పోతుందన్న వాడుక మాట కూడా ఇందులోంచి పుట్టిందే. ఇందులో ఇంకో విషయం ఉంది. గట్టు ఎత్తు 3 మీటర్లకు బదులు 8 మీటర్ల దిబ్బ ఉంటే తీరం 14.5 మీటర్లే జరుగుతుంది. దిబ్బ అంటే నిల్వ ఇసుక. దాన్ని తవ్వి అమ్ముకున్నా, చదును చేసి రోడ్డు వేసినా ఆ నిల్వను ముందే ఖర్చు పెట్టేసినట్టు.

ఆ 800 మీటర్లు ఎవరు చెప్పారు? ఈ సూత్రం మీద ఉన్న గొడవలో సగం ఇక్కడే. ఇసుక కదలిక లెక్కకు అందనంత తక్కువయ్యే లోతును ఇంజనీర్లు క్లోజర్ డెప్త్ అంటారు. ఏడాదిలో 12 గంటలు మాత్రమే మించే అల ఎత్తు ఎంతో చూసుకుని, దానికి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు అని మోటుగా అంచనా వేస్తారు. నార్త్ కరొలైనాలోని డక్ అనే చోట 1981 నుంచి దాదాపు రెండు వారాలకొకసారి ఒకే గీతల మీద లోతులు కొలుస్తూ వస్తున్నారు. ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి గీస్తే ఒడ్డు దగ్గర చిక్కుపడ్డ దారపు ఉండలా కనిపిస్తుంది. నీటి కింది ఇసుక తిప్పలు లోపలికి, బయటికి తిరుగుతుంటాయి. దూరం పోను పోను ఆ ఉండ సన్నబడి, 8 మీటర్ల లోతు ప్రాంతంలో దాదాపు ఒక్క గీత అవుతుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ ఆ గీత అక్కడ నిజంగా ఆగిందా? ఎనిమిది సెకన్ల అల 50 మీటర్ల లోతు దాకా అడుగును తాకగలదు. వారాలు, నెలలు చూస్తే కదలనట్టున్న అడుగు వందల ఏళ్లలో కదులుతుంది. ఎన్నేళ్లకు అడుగుతున్నారన్న దాన్ని బట్టి ఆ లోతు మారుతుంది. లోతు మారితే దూరం, దూరం మారితే జవాబు.

ఇందువల్ల ఇంకో సంగతి బయటపడుతుంది. లోతైన అడుగు ఇప్పటి మట్టానికి ఇంకా సర్దుకోలేదు. సుమారు 20,000 ఏళ్ల కింద, మంచు యుగం ముదిరి ఉన్నప్పుడు, సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లకు పైగా కింద ఉండేది. తర్వాత వేగంగా పెరిగి, ఏడు వేల ఏళ్ల కింద నెమ్మదించింది. అప్పటి ఇసుక చాలాచోట్ల అడుగున మిగిలిపోయింది. అది ఆ లోతుకు ఎక్కువ. దాంతో అలలు దాన్ని వేల ఏళ్లుగా కొద్దికొద్దిగా ఒడ్డుకు తోస్తూనే ఉన్నాయి. ఆగ్నేయ ఆస్ట్రేలియాలో వరసగా పేర్చినట్టున్న ఇసుక గట్లు అలా పెరిగినవే. బ్రూన్ సూత్రం ఇసుక ఒడ్డు నుంచి అడుగుకే వెళ్తుందంటుంది. అడుగు నుంచి ఒడ్డుకు వస్తున్న తీరాల్లో దాన్ని వాడితే దిశే తప్పుతుంది.

మరి సూత్రాన్ని ఎవరైనా పరీక్షించి చూశారా? మహాసముద్రం మట్టం పెరుగుదల నెమ్మది. 2006 నుంచి 2018 మధ్య ఏటా 3.7 మిల్లీమీటర్లు. తుపాన్ల రణగొణ ధ్వనిలో ఆ చిన్న అంకె వినపడదు. అందుకే మట్టం గబగబా మారే సరస్సుల వైపు చూశారు. మిషిగన్ సరస్సు 1960ల చివర, 1970ల మొదట్లో పెరుగుతున్నప్పుడు ఎడ్వర్డ్ హ్యాండ్స్ కొలతలు తీశాడు. నీటి కింది ఇసుక తిప్పలు నీటితో పాటే పైకి లేచి ఒడ్డు వైపు జరిగాయి. ఒడ్డు కోత మాత్రం నీటి కన్నా ఆలస్యంగా నడిచింది. మట్టం పెరగడం ఆగాక కూడా కోత ఆగకపోవచ్చని దానర్థం. బ్రూన్ మూల ఆలోచన నిజమేనని, కాలం లెక్కే అందులో లేదని నాకు అక్కడే అర్థమైంది.

చుట్టూ నేలే ఉన్న కాస్పియన్ సముద్రం ఇంకా గట్టి పాఠం చెప్పింది. 1970ల చివరి నుంచి 1995 దాకా అది సుమారు రెండున్నర మీటర్లు పెరిగింది. అంటే మహాసముద్రాల వేగానికి ముప్పై రెట్ల పైమాటే. అక్కడ ఒకే సముద్రం, ఒకే పెరుగుదల, కానీ తీరాలు మూడు రకాలుగా నడిచాయి. మరీ చదునైన చోట అలకు బలమే లేదు. నీళ్లు ఊరికే నేలను ముంచుకుంటూ పోయాయి. నిటారు చోట కోత పడింది. మధ్యరకం వాలున్న చోట అలలు ఒక ఇసుక గట్టు కట్టి, దాని వెనక ఉప్పునీటి మడుగును వదిలేసి, ఆ గట్టును లోపలికి తోసుకుపోయాయి. మీ 6 మీటర్ల లెక్క మొదటి రకానికి నప్పుతుంది. 20 మీటర్లది రెండోదానికి. మూడోదానికి రెండూ నప్పవు.

ఆ మూడో రకం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ముందు సముద్రం, వెనక మడుగు, మధ్యలో సన్నని ఇసుక దీవి. తుపానులో కెరటాలు దీవి మీదుగా పొర్లి, ముందున్న ఇసుకను వెనక మడుగులో పోస్తాయి. ముందు కోత, వెనక మేట. దీవి తనను తాను చుట్టుకుంటూ వెనక్కి దొర్లుతుంది. ఇక్కడ ఇసుక సముద్రంలోకి పోవడం లేదు, నేల వైపు పోతోంది. ఇలాంటి దీవిలో సముద్రం వైపు ఒడ్డున, తుపాను తర్వాత, ఇసుక కొట్టుకుపోయిన చోట నల్లటి గట్టి బురద బయటపడుతుంది. వేలితో గీరితే రెల్లు వేళ్లు పీచుపీచుగా ఊడి వస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన కొడుతుంది. అలలు హోరెత్తే చోట రెల్లు పెరగదు. అది దీవి వెనక, నిశ్చలమైన మడుగు అంచున పెరిగినది. అక్కడే ఉంది, కదల్లేదు. దీవే దాని మీదుగా నడిచి వెళ్లిపోయింది. మొదటిసారి ఆ బురద మీద నిలబడ్డప్పుడు నాకు కలిగిన ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

ఆ నడకకు ఇసుక చాలకపోతే? మట్టం మరీ వేగంగా పెరిగితే? అప్పుడు దీవి ఉన్నచోటే మునిగిపోతుంది, అలలు మరెక్కడో కొత్త ఒడ్డు కడతాయి. ఉత్తర ఏడ్రియాటిక్ సముద్రం అడుగున, దక్షిణాఫ్రికాలో డర్బన్ తీరానికి ఎదురుగా, మంచు కరిగిన కాలంలో అలా మునిగిన పాత తీరాల ఆనవాళ్లు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక జమాఖర్చు. మళ్లీ మన లెక్కకే వద్దాం. మట్టం ఏటా 4 మిల్లీమీటర్లు పెరుగుతోందనుకుంటే, పైన చెప్పిన తీరం ఏటా 28 సెంటీమీటర్లు జరుగుతుంది. ఇప్పుడు పక్కన ఒక రేవు గట్టు కట్టారు, 5 కిలోమీటర్ల తీరానికి ఏటా రావలసిన ఇసుకలో లక్ష ఘనపు మీటర్లు ఆగిపోయాయి అనుకోండి. లక్షను 5000 మీటర్ల పొడవుతో, 11.6 మీటర్ల ఎత్తుతో భాగిస్తే ఏటా 1.7 మీటర్ల కోత. మట్టం వల్ల వచ్చేదానికి ఆరు రెట్లు. ఇది ఊహకు వదిలేసిన లెక్క కాదు. అమెరికాలోని మేరీలాండ్‌లో 1933 తుపాను ఓషన్ సిటీ దగ్గర దీవిని చీల్చి మొగ, అంటే సముద్రానికీ మడుగుకూ మధ్య నీటి దారి, తెరిచింది. ఆ మొగ పూడకుండా వెంటనే రాతి గట్లు కట్టారు. ఒడ్డు వెంబడి దక్షిణానికి నడిచే ఇసుక అక్కడ ఆగింది. గట్లకు దిగువనున్న అసటీగ్ దీవి ఉత్తర కొస తన వెడల్పును మించి నేల వైపు జరిగిపోయింది. సముద్ర మట్టం రెండు వైపులా ఒకేలా పెరిగింది. తేడా అంతా ఇసుకలోనే ఉంది.

ఎదురు ఉదాహరణలూ ఉన్నాయి. 2004 భూకంపంలో సుమత్రాలోని ఆచే పశ్చిమ తీరం కొన్నిచోట్ల అర మీటరుకు పైగా కుంగింది. అంటే సముద్రం ఒక్క రోజులో అంత పెరిగినట్టే. ఒడ్డు వెనక్కి పోయింది, కానీ ఇసుక అందుబాటులో ఉన్న చోట్ల కొన్నేళ్లకే కొత్త ఇసుక గట్టు లేచింది. స్వీడన్, ఫిన్లండ్‌ల మధ్య బోత్నియా సింధుశాఖలో నేల ఏటా 8, 9 మిల్లీమీటర్ల దాకా పైకి లేస్తోంది, కాబట్టి అక్కడ సముద్రం దిగుతున్నట్టు లెక్క. అడుగు దగ్గర లోతు తగ్గే కొద్దీ అలలు దాని మీద పని చేసి ఇసుకను ఒడ్డుకు తోస్తాయి. గట్టు వెనక గట్టు మిగులుతుంది.

ఉపగ్రహ చిత్రాలతో 1984 నుంచి 2016 దాకా ప్రపంచ ఇసుక తీరాలన్నిటినీ పరిశీలించి 2018లో ఒక లెక్క ఇచ్చారు. 24 శాతం కోతకు గురవుతున్నాయి, 28 శాతం పెరుగుతున్నాయి, 48 శాతం నిలకడగా ఉన్నాయి. సముద్రం పెరుగుతున్న ఆ మూడు దశాబ్దాల్లోనే. 2020లో మరో పరిశోధన శతాబ్దాంతానికి దాదాపు సగం బీచ్‌లు అంతరించే ప్రమాదముందని చెప్పింది. అదే ఏడు ఇంకో బృందం దాన్ని ఖండించింది: వెనక్కి జరగడానికి చోటుంటే బీచ్ చావదు, జరుగుతుంది. నేను రెండో వాదన వైపే ఉన్నాను, ఒక షరతుతో. వెనక గోడ ఉంటే జరగడానికి చోటుండదు. ముందు నుంచి సముద్రం, వెనక నుంచి కాంక్రీటు నొక్కేస్తే పోయేది మధ్యలోని బీచే. గోడ ఆస్తిని కాపాడుతుంది, బీచ్‌ను కాదు. ఈ రెంటినీ కలిపి 'తీర రక్షణ' అని ఒకే మాటతో పిలవడం నాకు నచ్చదు.

నెదర్లాండ్స్ ఈ ఖాతాను ఎలా రాస్తుందో చూడండి. 1990లో ఒడ్డు గీతను ఇసుకతోనే నిలబెట్టాలని నిర్ణయించారు. 2001 నుంచి దాన్ని 20 మీటర్ల లోతు దాకా సముద్రపు అడుగుకు కూడా విస్తరించి, ఏటా వేసే ఇసుకను కోటీ 20 లక్షల ఘనపు మీటర్లకు పెంచారు. 2011లో ఒకేచోట 2 కోట్ల 15 లక్షల ఘనపు మీటర్లు పోసి, పంచే పనిని అలలకు అప్పగించారు. కనిపించని అడుగును కూడా తీరంగా లెక్కేసిన విధానం కాబట్టి నాకు దాని మీద గౌరవం.

మీ నివేదిక సంగతికి వస్తాను. 20 మీటర్లను పక్కన పారేయకండి, అలాగని దాన్నే గీతగా గీయకండి. తయారుచేసినవాళ్లను ఇవి అడగండి. వాలు కొలత ఎన్నేళ్లది, ఏ రుతువుల్లో తీశారు? క్లోజర్ డెప్త్ ఎంత తీసుకున్నారు, దాన్ని రెండు మీటర్లు అటూ ఇటూ మారిస్తే జవాబు ఎంత మారుతోంది? గత ముప్పై ఏళ్లలో ఒడ్డు నిజంగా ఎంత జరిగిందో ఉపగ్రహ చిత్రాల్లో చూశారా? మీ సూత్రం చెప్పినదానికీ, నిజంగా జరిగినదానికీ మధ్య ఎంత తేడా ఉందో, సుమారుగా అదే మీ ఇసుక ఖాతాలోని లోటు లేదా మిగులు. నది మీద ఆనకట్టో, పక్కన రేవో, మొగ దగ్గర తవ్వకమో ఉంటే దాని జాడ అందులోనే కనిపిస్తుంది. లోటు ఉన్న తీరమైతే ముందు దాన్ని సరిచేసే దారి చూడమనండి. పైన మనం వేసిన తీరానికి మట్టం పెరుగుదలను తట్టుకోవడానికి కావలసింది ఏటా మీటరుకు 3.2 ఘనపు మీటర్లు, 5 కిలోమీటర్లకు 16,000. రేవు గట్టు దగ్గర ఆగిపోయిన లక్ష ఘనపు మీటర్ల పక్కన పెట్టి చూడండి.

నివేదికలోని లోతుల కొలతలు దొరికితే ఇక్కడ పెట్టండి. ఒడ్డు నుంచి కనీసం 10 మీటర్ల లోతు దాకా ఉండాలి, ఒకటికి మించి తేదీలవి ఉంటే ఇంకా మంచిది. కలిసి చూద్దాం.